డయల్‌అప్‌లో 255.255.255.255 ఎందుకు వస్తుంది? పీపీపీ లింకుల మాస్క్, రూటింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్ళి, కేఆర్ పురం, బీటీఎం వైపు ఉండే మనవాళ్ళ నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇంటి నెట్ గురించే. మొదటి మాట చాలాసార్లు ఇలాగే ఉంటుంది: "అన్నా, రూటర్‌లో సబ్‌నెట్ మాస్క్ 255.255.255.255 అని చూపిస్తోంది. తప్పు కదా?" మోడెం కీచుమంటూ కూసే రోజుల్లో కూడా ఇదే అడిగేవాళ్ళు. అప్పటి డయల్‌అప్, తర్వాత వచ్చిన యూఎస్‌బీ డాంగిల్, ఇప్పటి ఫైబర్ మీద పీపీపీఓఈ (ఈథర్‌నెట్ మీద నడిచే పీపీపీ), అన్నిట్లోనూ కనెక్షన్ కుదిర్చేది ఆ పాత పీపీపీయే, అంటే పాయింట్ టు పాయింట్ ప్రోటోకాల్. అందుకని అడిగినవీ, చెప్పినవీ ఒకచోట పెట్టాను. డయల్‌అప్ గురించి రాసింది చాలావరకు పీపీపీఓఈకీ సరిపోతుంది. తేడా ఉన్నచోట చెప్తాను.

అసలు సబ్‌నెట్ మాస్క్ చేసే పని ఏమిటి?

ఒకే ఒక్క ప్రశ్న తేల్చడం. ఈ ప్యాకెట్‌ని నేనే నేరుగా ఇవ్వాలా, గేట్‌వేకి అప్పగించాలా?

మీ కంప్యూటర్ 192.168.1.23, మాస్క్ 255.255.255.0 అనుకోండి. 192.168.1.40కి ఏదైనా పంపాలి. రెండు అడ్రసులనూ మాస్క్‌తో కలిపి లెక్కిస్తే రెండూ 192.168.1.0 అవుతాయి. అంటే ఇద్దరిదీ ఒకే నెట్‌వర్క్. అప్పుడు మీ కంప్యూటర్ "192.168.1.40 ఎవరు?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. ఆ కేక పేరే ఏఆర్‌పీ. జవాబు చెప్పినవాడి మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డుకి ఉండే నంబర్) నేరుగా పంపేస్తుంది. అదే 203.0.113.9కి పంపాల్సి వస్తే లెక్క కలవదు కాబట్టి గేట్‌వేకి ఇస్తుంది. మన అపార్ట్‌మెంట్‌లోనే అయితే మనమే వెళ్ళి తలుపు కొడతాం, బయటికైతే వాచ్‌మన్ చేతికిస్తాం. అంతకంటే ఏమీ లేదు.

మరి పీపీపీలో ఆ లెక్క ఎందుకు అక్కర్లేదు?

చిన్నప్పుడు రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఫోన్ ఆడుకున్నాం కదా. ఇటు నేను, అటు నువ్వు. మూడోవాడు లేడు. ఇటు మాట్లాడితే అటు వినపడాల్సిందే. "ఎవరికి చెప్తున్నావు" అనే ప్రశ్నే రాదు.

పాయింట్ టు పాయింట్ లింక్ కూడా అంతే. తీగకి రెండే కొసలు. ఇక్కడ ఏఆర్‌పీ లేదు, మ్యాక్ అడ్రస్ వెతుకులాట లేదు, బ్రాడ్‌కాస్ట్ లేదు. డయల్‌అప్ పీపీపీ ఫ్రేములో అడ్రస్ అనే గడి ఒకటి ఉంటుంది గానీ అందులో ఉండేది ఎప్పుడూ ఒకటే విలువ, 255. అవతల ఉన్నదే ఒక్కడు. ఇరుగుపొరుగు లేనిచోట "పొరుగువాడా, పరాయివాడా" అని తేల్చే మాస్క్‌కి పని లేదు. 255.255.255.255 అంటే 32 బిట్లూ నావే, ఈ నెట్‌వర్క్‌లో నేనొక్కణ్ణే అని అర్థం. అది తప్పు కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడమే.

మాస్క్‌ని ప్రొవైడర్ పంపించడా?

పంపడు. పీపీపీ ప్రమాణంలో పంపే దారి కూడా లేదు. చాలామందిని తికమక పెట్టేది ఇదే.

ఇంట్లో వైఫైకి కనెక్ట్ అయితే డీహెచ్‌సీపీ మీకు అడ్రస్, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ (పేరు అడిగితే అడ్రస్ చెప్పే సర్వర్) అన్నీ ఒక పొట్లంగా కట్టి ఇస్తుంది. పీపీపీలో ఆ పని చేసేది ఐపీసీపీ. దాని ప్రమాణం 1992లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1332. అందులో ఐపీ అడ్రస్ అడగడానికి ఆప్షన్ ఉంది, హెడర్లు కుదించడానికి ఉంది. మాస్క్‌కి లేదు. డీఎన్ఎస్ అడ్రసులు అడిగే ఆప్షన్లు కూడా తర్వాత 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1877తో చేరినవే. మాస్క్‌ని మాత్రం అప్పుడూ చేర్చలేదు.

బేరం ఎలా సాగుతుందో పీపీపీ లాగ్ తెరిచి చూస్తే తెలుస్తుంది. మీ వైపు నుంచి మొదట "నా అడ్రస్ 0.0.0.0" అని వెళ్తుంది. నాకేమీ లేదు, నువ్వే ఇవ్వు అని దాని భావం. అవతలి సర్వర్ ఒప్పుకోకుండా "అది కాదు, 203.0.113.57 అను" అని తిప్పి పంపుతుంది. మీ వైపు బుద్ధిగా "నా అడ్రస్ 203.0.113.57" అని మళ్ళీ అడుగుతుంది. ఈసారి "సరే" అని వస్తుంది. అటు నుంచి కూడా "నేను 198.51.100.1" అని చెప్తే మీ వైపు ఒప్పుకుంటుంది. బేరం అయిపోయింది. ఈ మాటల్లో మాస్క్ ప్రసక్తి ఎక్కడా లేదు చూడండి.

అన్నట్టు, 1995 ఆగస్టు 15న ప్రభుత్వ కంపెనీ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు షెల్ అకౌంట్లని ఉండేవి. వాటితో డయల్ చేస్తే మన పీసీ వాళ్ళ యూనిక్స్ మెషీన్‌కి ఒట్టి టెర్మినల్‌గా పనిచేసేది. మన పీసీకి ఐపీ అడ్రసే ఉండదు. మాస్క్ గొడవ టీసీపీ ఐపీ అకౌంట్ ఉన్నవాళ్ళకే.

అలాగైతే ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో మాస్క్ ఎందుకు కనిపిస్తుంది?

ఎవరూ పంపలేదు కాబట్టి, ఆ గడి ఖాళీగా ఉంచలేక ఆపరేటింగ్ సిస్టమే ఏదో ఒకటి నింపుతుంది. విండోస్ 95, 98 అడ్రస్ మొదటి అంకెని బట్టి మాస్క్ తేల్చే పాత క్లాసుల పద్ధతి చూసి నింపేవి. అడ్రస్ 10తో మొదలైతే 255.0.0.0, 172తో అయితే 255.255.0.0, 203తో అయితే 255.255.255.0. ఆ క్లాసుల పద్ధతిని 1993లోనే, మాస్క్ ఎంత పొడవైనా పెట్టుకోనిచ్చే సీఐడీఆర్ వచ్చి పక్కకి నెట్టింది, అయినా ఆ అలవాటు చాలాకాలం పోలేదు. విండోస్ 2000, ఎక్స్‌పీ దగ్గరికి వచ్చేసరికి 255.255.255.255 అయింది. లైనక్స్‌లో పీపీపీ నడిపే ప్రోగ్రాం పీపీపీడీ చేసేదీ అదే.

ఒకే ఫోన్ లైను, ఒకే అకౌంట్, పక్కపక్కనే రెండు పీసీలు, రెండు మాస్కులు. రెండింట్లోనూ నెట్ నడిచేది.

డిఫాల్ట్ గేట్‌వే దగ్గర నా ఐపీ అడ్రసే ఉంది. నాకు నేనే గేట్‌వేనా?

విండోస్ ఎక్స్‌పీలో డయల్ చేసి, అడ్రసులు చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టినవాళ్ళందరూ ఇది చూసి కంగారు పడ్డవాళ్ళే. "ఈ ఇంటర్‌ఫేస్‌లోకి తోసెయ్" అని చెప్పడానికి విండోస్ పట్టుకున్న పద్ధతి అది. తీగలోకి వెళ్ళాక ప్యాకెట్ చేరేది అవతలి కొసకే కాబట్టి గేట్‌వే అడ్రస్ ఏం రాసినా ఒకటే. లైనక్స్ ఈ విషయంలో కాస్త నిజాయితీగా ఉంటుంది. గేట్‌వే రాయకుండా ఇంటర్‌ఫేస్ పేరు పీపీపీ0 అని రాసి ఊరుకుంటుంది.

అవతలి అడ్రస్‌కీ నా అడ్రస్‌కీ పోలికే లేదు. లింక్ ఎలా పనిచేస్తోంది?

పోలిక ఉండాలని ఎక్కడా లేదు. మీది 203.0.113.57, అవతలిది 198.51.100.1 కావచ్చు, అటు 10తో మొదలయ్యే ప్రైవేట్ అడ్రస్ కూడా కావచ్చు. ఈథర్‌నెట్‌లో గేట్‌వే మన సబ్‌నెట్‌లోనే ఉండాలి, లేకపోతే ఏఆర్‌పీకి దొరకదు. ఇక్కడ ఏఆర్‌పీయే లేదు.

కొన్నిసార్లు అవతలివాడు తన అడ్రస్ చెప్పనే చెప్పడు. లైనక్స్‌లో డాంగిల్ వాడినవాళ్ళకి 10.64.64.64 గుర్తుండే ఉంటుంది. అది ఏ మొబైల్ కంపెనీదీ కాదు. అటు నుంచి అడ్రస్ రాకపోతే పీపీపీడీ తనంతట తానే పెట్టుకునే ఉత్తుత్తి అడ్రస్. దానికి పింగ్ కొట్టి, జవాబు రాలేదని సిమ్ మార్చినవాళ్ళు నాకు తెలుసు.

మాస్క్‌ని చేత్తో 255.255.255.0 అని మారిస్తే ఏమవుతుంది?

చాలాసార్లు ఏమీ కాదు. 203.0.113.0 మొత్తం ఈ లింక్ వైపే అని రూటింగ్ టేబుల్‌లో (ఏ అడ్రస్‌కి ఏ దారి అని రాసుకునే పట్టీ) ఇంకో వరుస చేరుతుంది. ఎలాగూ డిఫాల్ట్ రూట్ (వేరే దారి రాయని వాటన్నిటికీ వాడే దారి) అటే ఉంది. వెళ్ళేవి ముందూ అటే వెళ్ళేవి, ఇప్పుడూ అటే వెళ్తాయి.

చిక్కల్లా లింక్ అడ్రస్ మీ లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రసులతో కలిసినప్పుడు వస్తుంది. ఇంట్లో 192.168.1.0 లాన్ ఉంది, ఆఫీసుకి డయల్ చేస్తే అక్కడా 192.168.1.205 ఇచ్చారనుకోండి. మాస్క్ 255.255.255.255 అయితే ఆ ఒక్క అడ్రస్ వరకే గొడవ. 255.255.255.0 అని పెట్టారంటే ఒకే నెట్‌వర్క్‌కి రెండు దారులు తయారవుతాయి, ఇంట్లో ప్రింటర్‌కి పంపినవి టెలిఫోన్ తీగలోకి పోవచ్చు.

మాస్క్ కాకపోతే మరేం చూడాలి?

రూటింగ్ టేబుల్. విండోస్‌లో రూట్ ప్రింట్, లైనక్స్‌లో ఐపీ రూట్. ఇరవై ఏళ్ళుగా ఫోన్ ఎత్తగానే నేను అడిగేది అదే. ఐపీకాన్ఫిగ్ ఫొటో పంపితే, "అది సరే తమ్ముడూ, టేబుల్ పంపు" అంటాను.

టేబుల్‌కి ఒకటే సూత్రం. గమ్యానికి సరిపోయే వరుసల్లో ఎక్కువ బిట్లు కలిసినది గెలుస్తుంది. అవి సమానమైతే మెట్రిక్ (ఆ దారికి ఇచ్చిన ఖర్చు అంకె) తక్కువున్నది గెలుస్తుంది. ఇంటి లైనక్స్ పెట్టెలో వైఫై, డాంగిల్ రెండూ ఉన్నప్పుడు టేబుల్‌లో మూడు వరుసలు ఉంటాయనుకుందాం. డిఫాల్ట్, పీపీపీ0 వైపు. 10.64.64.64 ఒక్కదానికి, అదీ పీపీపీ0 వైపే. 192.168.1.0/24 (24 బిట్ల మాస్క్, అంటే 255.255.255.0), వైఫై వైపు. ఇప్పుడు 192.168.1.1కి వెళ్ళే ప్యాకెట్ ఎటు పోతుంది? డిఫాల్ట్‌కి సున్నా బిట్లు, వైఫై వరుసకి 24. వైఫై గెలిచింది. 203.0.113.9కి? డిఫాల్ట్ తప్ప ఏదీ కలవదు, కాబట్టి పీపీపీ0. ఈ లెక్క చేత్తో నాలుగుసార్లు వేసినవాళ్ళకి తర్వాత నా ఫోన్ నంబర్ అవసరం పడదు.

ఆఫీసుకి డయల్ చేయగానే ఇంట్లో నెట్ ఆగిపోతుంది. ఎందుకు?

ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే పీపీటీపీ లాంటి వీపీఎన్‌లు కూడా లోపల పీపీపీయే కాబట్టి ఇది ఇప్పటికీ వచ్చే ప్రశ్న. విండోస్‌లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో, టీసీపీ ఐపీ అడ్వాన్స్‌డ్ లోపల, "రిమోట్ నెట్‌వర్క్ డిఫాల్ట్ గేట్‌వే వాడు" అనే టిక్ ఉంటుంది. మామూలుగా అది పెట్టే ఉంటుంది. కనెక్ట్ అవగానే కొత్త డిఫాల్ట్ రూట్ తక్కువ మెట్రిక్‌తో వచ్చి పాతదాన్ని వెనక్కి నెడుతుంది. కట్ చేస్తే పాతది మళ్ళీ ముందుకొస్తుంది.

టిక్ తీసేస్తే ఇంటి నెట్ బతుకుతుంది. కానీ అప్పుడు ఆఫీసుకి దారి ఏది? ఇక్కడ ఆ పాత క్లాసులు దెయ్యంలా మళ్ళీ తగులుకుంటాయి. మీకిచ్చిన అడ్రస్ 10.5.2.30 అయితే విండోస్ 10.0.0.0 మొత్తాన్ని, 255.0.0.0 మాస్క్‌తో, వీపీఎన్ వైపు తిప్పుతుంది. ఆఫీసు సర్వర్లు కూడా 10లోనే ఉంటే బాగానే ఉంటుంది. సర్వర్లు 172.16లో ఉంటే దారి దొరకదు, ఆ రూట్ చేత్తో చేర్చాల్సిందే. మీ ఇంటి లాన్ కూడా 10లో ఉంటే ఇంకో తలనొప్పి. విస్టా నుంచి ఈ క్లాస్ రూట్ చేర్చకుండా ఆపే టిక్ కూడా అక్కడే పెట్టారు.

లైనక్స్‌లో లింక్ కలిసింది, అడ్రస్ వచ్చింది, కానీ ఒక్క పేజీ రాదు.

పీపీపీడీ లాగ్‌లో, ఉన్న డిఫాల్ట్ రూట్‌ని మార్చడం లేదు అనే అర్థంతో ఒక లైను ఉందేమో చూడండి. డిఫాల్ట్‌రూట్ ఆప్షన్ ఇచ్చినా సరే, అప్పటికే ఈథర్‌నెట్ మీద ఒక డిఫాల్ట్ ఉంటే పీపీపీడీ మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. లాన్ కార్డుకి అనవసరంగా గేట్‌వే రాసి పెట్టినవాళ్ళందరికీ వచ్చే జబ్బు ఇది. ఆ గేట్‌వే తీసేయండి, లేదా రీప్లేస్‌డిఫాల్ట్‌రూట్ వాడండి.

అడ్రసుకి పింగ్ వెళ్తూ పేర్లు మాత్రం తెరుచుకోకపోతే రూటింగ్ బాగానే ఉన్నట్టు. అటు నుంచి డీఎన్ఎస్ అడ్రసులు అడిగే యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఆప్షన్ మర్చిపోయి ఉంటారు.

రెండు ఆఫీసులని డయల్‌అప్‌తో కలిపితే మాస్క్ ఏం పెట్టాలి?

లింక్‌కి ఏదైనా పెట్టండి. రూట్లు మాత్రం రెండు వైపులా రాయండి. ఆ "రెండు వైపులా" అన్నమాట నేను నేర్చుకున్న తీరు చెప్తాను.

2001 ప్రాంతంలో బెంగళూరు పీణ్యలో ఒక చిన్న కంపెనీకి, హోసూరులో ఉన్న వాళ్ళ బ్రాంచికి మోడెం లింక్ పెట్టాను. పీణ్య లాన్ 192.168.10.0, హోసూరు లాన్ 192.168.20.0, లింక్ కొసలు 192.168.99.1, 192.168.99.2. హోసూరు సర్వర్ మీద కూర్చుని పీణ్యకి పింగ్ కొడితే చక్కగా జవాబు వచ్చింది. పక్కన అకౌంట్స్ పీసీ నుంచి కొడితే రాదు. రెండు రోజులు మాస్కులు మార్చి మార్చి చూశాను. సంగతేమిటంటే, సర్వర్ నుంచి వెళ్ళిన పింగ్ మీద 192.168.99.2 అని ఉంటుంది, ఆ అడ్రస్ పీణ్యకి తెలుసు. అకౌంట్స్ పీసీ పింగ్ మీద 192.168.20.15 అని ఉంటుంది. పీణ్య వైపు 192.168.20.0కి రూట్ రాయలేదు. పింగ్ చేరుతోంది, జవాబు పీణ్య డిఫాల్ట్ రూట్ పట్టుకుని ఎటో పోతోంది. ఒక్క వరుస రాస్తే సరిపోయింది.

అక్కడితో అయిపోలేదు. అవసరమైనప్పుడే డయల్ అయ్యేలా పెట్టిన ఆ లింక్ వైపే హోసూరులో డిఫాల్ట్ రూట్ కూడా ఉంచాను, ఎందుకైనా మంచిదని. నెల తిరిగేసరికి అక్కడ అకౌంట్స్ చూసే పెద్దాయన ఫోన్ బిల్లు పట్టుకుని, "ఏం బాబూ, రాత్రి పన్నెండుకి తాళం వేసున్న ఆఫీసులోంచి ఎవరయ్యా ఫోన్ చేస్తున్నది?" అని అడిగారు. ఆపకుండా వదిలేసిన ఒక పీసీ కొన్ని నిమిషాలకోసారి ఏదో పేరు కోసం డీఎన్ఎస్ అడుగుతోంది. ఆ ఒక్క ప్యాకెట్ కోసం మోడెం లేచి పీణ్యకి డయల్ చేస్తోంది. డిఫాల్ట్ తీసేసి 192.168.10.0కి మాత్రమే రూట్ ఉంచాను. డీఎన్ఎస్ ప్యాకెట్లకి డయల్ చేయొద్దని ఫిల్టర్ పెట్టాను. ఆ నెల బిల్లులో కొంత నా ఫీజులో కోశారు. న్యాయమే.

అంటే పీపీపీలో మాస్క్‌కి ఎక్కడా పనే లేదా?

ఒకచోట ఉంది, అదీ ప్రొవైడర్ వైపు. మీరు ఎనిమిది అడ్రసుల బ్లాక్ కొన్నారనుకోండి. మీ లాగిన్ సరిచూసే రేడియస్ సర్వర్‌లో ఫ్రేమ్డ్ ఐపీ నెట్‌మాస్క్ అనే గడి ఉంటుంది. మీ వెనక ఒక్క అడ్రస్ కాదు, ఒక నెట్‌వర్కే ఉందని వాళ్ళ పరికరానికి చెప్పడానికి అది. అదే పనికి ఫ్రేమ్డ్ రూట్ అనే ఇంకో గడి కూడా ఉంది. బ్లాక్ కొన్నా ఒక్క అడ్రసే పనిచేస్తోందంటే మీ రూటర్‌లో మాస్క్ కెలకడం ఆపి, వాళ్ళని "మా బ్లాక్ రూట్ మా సెషన్‌కి కట్టారా?" అని అడగండి.

డయల్ చేసిన పీసీ ఆఫీసు లాన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తోంది. ఎలా?

ప్రాక్సీ ఏఆర్‌పీ. ఆఫీసు లాన్ 192.168.1.0, డయల్ చేసినవాడికి అందులోంచే 192.168.1.205 ఇచ్చారు. లాన్‌లో ఎవరైనా "192.168.1.205 ఎవరు?" అంటే అతని బదులు డయల్‌అప్ సర్వర్ "నేనే" అని తన మ్యాక్ అడ్రస్ ఇస్తుంది, వచ్చినవి తీగలోకి పంపుతుంది. హాజరు వేసేటప్పుడు పక్కవాడి కోసం "ప్రెజెంట్ సార్" అన్నట్టు. పీపీపీడీలో ప్రాక్సీఏఆర్‌పీ ఆప్షన్ ఇస్తే చాలు. ఇచ్చిన అడ్రస్ మాత్రం ఆ సర్వర్ లాన్ కార్డు సబ్‌నెట్‌లోనే ఉండాలి. ఇక్కడ లాన్ వైపు మాస్క్ తప్పుగా ఉంటే నిజంగానే పని చెడుతుంది.

లీజ్డ్ లైన్‌కి /30 ఇచ్చారు, ఇంకొకరికి /31. ఏది సరైనది?

రెండూ సరైనవే. /30లో నాలుగు అడ్రసులు, వాడుకోగలిగేవి రెండు. మిగతా రెండూ నెట్‌వర్క్‌కీ, బ్రాడ్‌కాస్ట్‌కీ పోతాయి. రెండు కొసల తీగకి బ్రాడ్‌కాస్ట్ దేనికని 2000 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 3021 /31ని ఒప్పుకుంది.

కనెక్షన్ బాగుంది, కానీ కొన్ని సైట్లు సగం వచ్చి ఆగిపోతాయి. మాస్క్ వల్లేనా?

కాదు. ఇది ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు. పీపీపీఓఈకి 8 బైట్లు పోతాయి కాబట్టి 1500లో మిగిలేది 1492. దారిలో ఎవరో ఐసీఎంపీని ("ప్యాకెట్ పెద్దది" అని తిరిగి చెప్పే సందేశాలని) అడ్డుకుంటే పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. రూటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్ సైజు ముందే తగ్గించేది) ఆన్ చేయండి, లేదా ఎంటీయూ 1492 పెట్టండి.

రూటర్‌లో వ్యాన్ (బయటి వైపు) అడ్రస్ 100.72తో మొదలవుతోంది, మాస్క్ 255.255.255.255. ఇంట్లో కెమెరా ఊరి నుంచి చూడలేకపోతున్నాం.

మాస్క్‌ని వదిలేయండి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులని 2012లో ప్రొవైడర్ల లోపలి వాడకానికి కేటాయించారు. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్ళకి కలిపి పంచుతున్నారు. మీరు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటినుంచి వచ్చేవాడు వాళ్ళ దగ్గరే ఆగిపోతాడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ అడగండి, చాలామంది డబ్బులు తీసుకుని ఇస్తారు. లేదా ఐపీవీ6 ఉంటే దానితో ప్రయత్నించండి. అటువైపున్న కుర్రాడు "ముందు మాస్క్ 255.255.255.0కి మార్చండి సార్" అంటే, మార్చామని చెప్పి స్టాటిక్ ఐపీ సంగతే మళ్ళీ అడగండి.